ఎర్రకొట్టాల ఏకైక వరద బాధితుడు

ఎర్రకొట్టాల మండలంలో వాన పడిందో లేదో అధికారికంగా చెప్పగలిగిన మనిషి ఒక్కడే. అతని పేరు హొన్నూరప్ప, తహశీల్దారు ఆఫీసులో అటెండరు. ముప్పై మూడేళ్లుగా పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు వెనక కంచెలో ఉన్న రెయిన్ గేజి మీది గరాటు తీసేవాడు. లోపలి సీసాలో నీళ్లుంటే గీతల గ్లాసులోకి వంచి కొలిచి, పుస్తకంలో రాసుకుని, జిల్లాకు ఫోను చేసి చెప్పేవాడు. ఆ సీమలో సీసాలో నీళ్లుండే రోజులు ఏడాదికి ముప్పై దాటితే గొప్ప. అందువల్ల అతని ఉద్యోగంలో ఎక్కువ భాగం సున్నాలు చుట్టడమే. ఆ పని అతను శ్రద్ధగా చేసేవాడు. అతని సున్నా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనుక్కోవడం కష్టమని పాత తహశీల్దారు ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుందనగా, జిల్లాకు ‘వరుణమిత్ర’ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది.

వానలు కొలిచే వాళ్లందర్నీ శిక్షణకు పిలిచారు. ఇరవై ఇద్దరు వచ్చారు. అందులో చిన్నవాడికి యాభై రెండేళ్లు. తలా ఒక ట్యాబు ఇచ్చారు. ఎదురుగా వేదిక మీద వర్ష గణాంక ఆధునికీకరణ విభాగం డిప్యూటీ డైరెక్టరు పరాంకుశరావు గారు కూర్చున్నారు. ఆయన వయసు కూడా వాళ్ల వయసే, కాకపోతే ట్యాబు పట్టుకోవడానికి ఆయనకు పక్కన ఒక సహాయకుడున్నాడు.

“వరుణమిత్ర సంపూర్ణంగా వాడుకరి హితమైనది” అన్నారాయన. “తేలికైనదని నిపుణుల సంఘం ధ్రువీకరించినది. తేలిక అని ధ్రువీకరింపబడిన దానిని కష్టమని భావించుట క్రమశిక్షణా రాహిత్యం కిందికి వచ్చునని మనవి.”

ఆ మాటతో, అడగాలనుకున్న వాళ్లు కూడా అడగలేదు. హొన్నూరప్పకు మొదట వచ్చిన చిక్కు సాఫ్ట్‌వేరుతో కాదు, తన వేళ్లతోనే. పార పట్టి, కట్టెలు కొట్టి కాయలు కాచిన ఆ వేళ్లను ట్యాబు గుర్తుపట్టలేదు. ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు. మధ్యాహ్నానికి అతను ఒక సంగతి కనిపెట్టాడు: ఏ పనికీ రాని చిటికెన వేలు ఒక్కటే మెత్తగా మిగిలి ఉంది, దానికి ట్యాబు పలుకుతోంది. ఆ కిటుకు పక్కనున్న కొండ్రాయి మండలం ఖాజా సాయిబుకు చెప్పాడు. ఆయన ఆ పక్కవాడికి చెప్పాడు. సాయంత్రానికి ఇరవై రెండు చిటికెన వేళ్లు పనిచేయసాగాయి. శిక్షణ విజయవంతమైందని పరాంకుశరావు గారు ప్రకటించారు.

జూన్‌లో ఒక పదును వాన పడింది. రైతులు చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తుకున్నారు. ఆ వానను హొన్నూరప్ప సులువుగానే ఎక్కించాడు. మర్నాడు వాన లేదు. చిటికెన వేలితో సున్నా నొక్కాడు. ‘దయచేసి చెల్లుబాటయ్యే వర్షపాతం నమోదు చేయండి’ అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. గడి ఖాళీగా వదిలి చూశాడు. ‘ఈ గడి తప్పనిసరి’ అంది. మళ్లీ సున్నా పెట్టాడు. మళ్లీ ఎర్ర అక్షరాలే. పది నిమిషాలు దాటగానే ట్యాబు మూసుకుపోయి, విధి నిర్వహణలో అలసత్వానికి సంజాయిషీ ఇమ్మని మెమో దానంతటదే వచ్చింది. ముప్పై మూడేళ్లలో అతనికి మెమో రావడం అదే మొదలు. ఆ వారంలోనే మరి రెండు వచ్చాయి.

సహాయ కేంద్రానికి ఫోను చేస్తే టికెట్టు పెట్టుకోమన్నారు. అతను బస్సు టికెట్టనుకున్నాడు. కాదట, ట్యాబులోనే సమస్య రాసి పంపడాన్ని టికెట్టు అంటారట. తెరిచి చూస్తే, సమస్యకు కారణం ఏమిటో ఎంచుకోమని మూడు గడులున్నాయి. ఒకటి, వాడుకరికి అవగాహన లేమి. రెండు, వాడుకరి నిర్లక్ష్యం. మూడు, వాడుకరిలో ఇతర లోపాలు. తనకు అవగాహన ఉంది, నిర్లక్ష్యం లేదు. కాబట్టి నిజాయితీగా మూడోది నొక్కాడు. మూడు రోజుల్లో జవాబు వచ్చింది: ‘మీలోని లోపాలను సరిదిద్దుటకు ఒక రోజు పునఃశిక్షణ మంజూరు చేయడమైనది.’

పునఃశిక్షణలో వానపడిన రోజు ఎలా నమోదు చేయాలో మళ్లీ నేర్పారు. వాన పడని రోజు సంగతి పాఠ్యప్రణాళికలో లేదు.

చివరికి తహశీల్దారు ప్రమీలారాణి మేడమే మార్గం చెప్పింది. ఆమె మంచి మనిషే కానీ, ప్రతి మెమోకూ ఒక నకలు ఆమెకూ వస్తోంది. సున్నా పట్టకపోతే పట్టేదాంట్లో అన్నిటికంటే చిన్నది పెట్టమంది.

“పడని వాన పడిందని ఎట్ల రాసేది మేడం?” అన్నాడు హొన్నూరప్ప.

“రాయొద్దు హొన్నూరప్పా. రాస్తే తప్పు. ఎక్కించు, అంతే.”

పాయింటు ఒకటి ఎక్కించాడు. అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఆకుపచ్చ టిక్కు పడింది. ఆ రోజు అన్నం తింటూ, ఎంగిలి చెయ్యి ఆరిపోతున్నా అలాగే కూర్చున్నాడు. అతని భార్య సుంకులమ్మ ఏమైందని అడిగితే, ఈ పొద్దు అబద్ధం చెప్పినానన్నాడు. ఎంత అబద్ధమని ఆమె అడిగింది. ఒక చుక్కంత అన్నాడు. చుక్కంతే కదా, తినమంది.

జూలైలో వరుణమిత్ర రెండో వెర్షను వచ్చింది. అందులో పాయింట్లు తీసేశారు. పెద్ద వయసు సిబ్బంది పాయింట్లతో తికమక పడుతున్నారని సర్వేలో తేలిందట. ఇకమీదట నిండు అంకెలే. దాంతో ఎర్రకొట్టాలలో రోజుకు ఒక మిల్లీమీటరు పడసాగింది. ఆగస్టులో మూడో వెర్షను వచ్చింది. మిల్లీమీటర్లు ప్రజలకు అర్థం కావడం లేదని సెంటీమీటర్లు చేశారు. గడి అదే, అంకె అదే. అతను మాత్రం రోజూ ఒకటే నొక్కుతున్నాడు, వాన పదింతలైంది.

హొన్నూరప్ప మళ్లీ టికెట్టు పెట్టాడు, మళ్లీ పునఃశిక్షణకు పోయాడు. అక్కడ ఖాజా సాయిబు కనబడ్డాడు. ఆయన ముఖం నిశ్చింతగా ఉంది. తనకు అబద్ధం చేతకాదు కాబట్టి రోజూ పొద్దున బిందెలోంచి కాసిన్ని నీళ్లు రెయిన్ గేజిలో పోసి, అవి కొలిచి ఎక్కిస్తున్నాడట. “కొలిచిందే పెడతాండా అప్పా, దేవుడు చూస్తాంటాడు కదా” అన్నాడు. హొన్నూరప్పకు ఆ ఉపాయం నచ్చింది గానీ, ఊళ్లో బోర్లన్నీ ఎండి, నాలుగు రోజులకొకసారి కుళాయి వచ్చే కాలంలో సీసాడు నీళ్లు అలా పోయడానికి చెయ్యి రాలేదు.

విత్తిన తర్వాత చినుకు రాలలేదు. కాయ పట్టడానికి మట్టిలోకి ఊడలు దిగాల్సిన చెనిక్కాయ చెట్టు ముట్టుకుంటే పొడి అయ్యేలా ఎండిపోయింది. సెప్టెంబరు నెలాఖరుకు కరువు మండలాల జాబితా వచ్చింది. చుట్టుపక్కల ఏడు మండలాలున్నాయి. ఎర్రకొట్టాల లేదు. కొండ్రాయి కూడా లేదు.

మర్నాడు పొద్దున ముత్యాలప్ప ఆఫీసుకు వచ్చాడు. నాలుగెకరాల చేనూ రెండు పాడి ఎనుములూ ఉన్న రైతు. హొన్నూరప్పతో కలిసి బడికి పోయినవాడు. కోపంగా వస్తాడని హొన్నూరప్ప అనుకున్నాడు గానీ అతను మెల్లగా వచ్చి కంచె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“హొన్నూరన్నా, మా చేన్లో పడని వాన నీ సీసాలో ఎట్ల పడె?”

హొన్నూరప్ప జరిగిందంతా చెప్పాడు. సున్నా సంగతి, మెమోల సంగతి, చిటికెన వేలి సంగతి. ముత్యాలప్ప అంతా విన్నాడు.

“అయితే నువ్వు ఆ మిషనుకు బయపడి మాకు మన్ను కొట్టినావు” అని లేచి పోయాడు.

ఆ మాట హొన్నూరప్పకు ముల్లులా దిగింది. ఆ రోజే తన పుస్తకం తీసి, జూన్ నుంచి రాసుకున్న సున్నాలన్నీ తెల్లకాగితం మీద దిగరాసి, తహశీల్దారు చేత సంతకం పెట్టించి జిల్లాకు పంపాడు. ప్రమీలారాణి మేడం కూడా ధైర్యం చేసి, మండలంలో కరువున్నదని స్వయంగా చూసి రాశానని ఒక లేఖ జతచేసింది. వారానికి జవాబు వచ్చింది. ‘చేతిరాత రికార్డులు చెల్లవు. మీ కరువు నివేదిక వరుణమిత్ర డాష్‌బోర్డుతో సరిపోలుట లేదు. సరిపోలునట్లు క్షేత్ర పరిస్థితిని సవరించి తిరిగి పంపవలెను.’

అక్టోబరు రెండో వారంలో, ఎర్రకొట్టాలలో డెబ్బై రోజులుగా ఎడతెరిపి లేకుండా వాన కురుస్తోందని వరుణమిత్ర గమనించింది. నాలుగో వెర్షనులో దానికి స్వయం నిర్ణయాధికారం ఇచ్చారు. అది ఎవర్నీ అడగకుండా మండలాన్ని వరద ప్రాంతంగా ప్రకటించి, సహాయక బృందాన్ని పంపమని ఉత్తర్వు వేసింది.

రెండు రబ్బరు పడవలు లారీలో వచ్చాయి. వాటితో నలుగురు ఈతగాళ్లు వచ్చారు. దిగగానే వాళ్లు తాగడానికి నీళ్లడిగారు. వెనకే జీపులో, కాళ్లకు మోకాళ్ల దాకా గంబూట్లతో, చేతిలో గొడుగుతో పరాంకుశరావు గారు దిగారు. ఊరి పక్కన పారే వంక దగ్గరికి తీసుకుపోండన్నారు. తీసుకుపోయారు. వంకలో ఇసుక, ఆ ఇసుకలో మేకలు పడుకుని ఉన్నాయి.

ఆయన చాలాసేపు చూసి, “ఇచట నీరు లేకపోవుట క్షేత్రస్థాయి లోపము” అన్నారు. వరద ఎక్కడుందో వెతికి రమ్మని సహాయకుణ్ని జీపులో పై ఊళ్లకు పంపారు. ఎండకు ఇసుక కాలుతోంది. తుమ్మచెట్టు కింద దించిన పడవ తప్ప కూర్చోవడానికి మరేమీ లేదు. ఆయన పడవెక్కి గొడుగు వేసుకుని కూర్చున్నారు. చుట్టూ ఊరి జనం చేరారు.

అప్పుడే ఆయన ఒళ్లో ఉన్న ట్యాబు మోగింది. సహాయక చర్యల నివేదిక పది నిమిషాల్లో పంపాలట. రోజూ ఆ పని చేసే సహాయకుడు జీపులో పోయాడు. పరాంకుశరావు గారు బొటనవేలితో నొక్కారు, చూపుడు వేలితో నొక్కారు. ట్యాబు ఉలకలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అది ఎండవల్ల కాదని హొన్నూరప్పకు తెలుసు. ఆ చెమట తనకూ పట్టిందే. దగ్గరికి పోయి, “చిటికెన ఏలు సార్” అన్నాడు.

తెరుచుకుంది. ‘రక్షించబడిన వారి సంఖ్య’ అని గడి వచ్చింది. పరాంకుశరావు గారు సున్నా నొక్కారు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కారు.

“పట్టదు సార్. సున్నా పట్టదు” అన్నాడు హొన్నూరప్ప.

“ఎప్పటి నుంచి?”

“మొదటి దినం నుంచే సార్.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“పదకొండు టికెట్లు పెట్టినా సార్. పదకొండు తూర్లు నన్నే బాగుచేసినారు.”

ఇంకా ఆరు నిమిషాలున్నాయి. దాటితే మెమో సంబంధిత అధికారికి పోతుంది. ఆ అధికారి తానే. పోనీ ఒకటి వేయమని ట్యాబు హొన్నూరప్ప చేతికిచ్చారు. ఒకటి వేస్తే పేరు, వయసు, పడవలో కూర్చుని ఉండగా అప్పటికప్పుడు తీసిన ఫోటో అడిగింది. ఈతగాళ్లు సిబ్బంది కాబట్టి పనికిరారు. హొన్నూరప్పా సిబ్బందే. ఆయన జనంలో ముందున్న ముత్యాలప్పను పిలిచి పడవలో రెండు నిమిషాలు కూర్చోమని మర్యాదగానే అడిగారు.

“నేను కూకోను సార్” అన్నాడు ముత్యాలప్ప. “నీళ్లు లేక సస్తాండాం. నీళ్లల్ల నుంచి తీసినారని ఎట్ల రాపిచ్చుకుందు?”

మిగతా జనం కూడా రెండడుగులు వెనక్కి వేశారు. ఇంకా రెండు నిమిషాలుంది. పడవలో ఉన్నది ఒక్క మనిషే. హొన్నూరప్ప ఆయన ముఖం వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని తలూపారు. ఫోటో తీశాడు. గంబూట్లు, గొడుగు, వెనక మేకలు. పేరు పరాంకుశరావు, వయసు యాభై తొమ్మిది. ఆకుపచ్చ టిక్కు పడింది.

ఆ తర్వాత జరిగినవన్నీ వరుణమిత్ర చకచకా చేసేసింది. బాధితుణ్ని హైస్కూల్లోని పునరావాస కేంద్రానికి తరలించమంది. జీపు తిరిగొచ్చింది, కానీ ఆయన ఎక్కడానికి లేదు. వరద తగ్గకుండా బాధితుణ్ని పంపితే తహశీల్దారు మీద చర్య. ఆయన తన అధికారంతో ఆ ఉత్తర్వు రద్దు చేయబోతే, ట్యాబులో ‘మీరు వరద బాధితులు. పూర్తిగా కోలుకొను వరకు విధులకు అనర్హులు’ అని వచ్చింది. వరద తగ్గిందని రాయాలంటే నీటి మట్టం ఎంతో ప్రమీలారాణి మేడం ఎక్కించాలి. ఆమె వేయాల్సిన అంకె ఏమిటో అందరికీ తెలుసు.

మర్నాడు ట్యాంకర్లు వచ్చాయి. వరదల్లో మంచినీళ్లు కలుషితమవుతాయి కాబట్టి తాగునీటి ట్యాంకర్లు మూడు. పశువులకు మేత కొట్టుకుపోయి ఉంటుంది కాబట్టి ఎండుగడ్డి లారీలు రెండు. అన్నీ ఒక్క బాధితుడి పేరు మీదే. ఆయన రెండు చెంబులు తాగి, మిగిలింది ఊరివాళ్లను పట్టుకోమన్నారు. నాలుగు నెలలుగా కరువని మొరపెట్టుకుంటే రాని నీళ్లు, వరద రాగానే వచ్చాయి. ముత్యాలప్ప ఎనుములు ఆ గడ్డి మేశాయి. అతను మాత్రం హొన్నూరప్పతో ఇంకా మాట్లాడలేదు.

పరాంకుశరావు గారు హైస్కూల్లో పద్దెనిమిది రోజులున్నారు. సుంకులమ్మ ఆయనకు రోజూ సంగటీ, నంజుకోవడానికి ఊరిమిండి పచ్చడీ పంపేది. మొదటి రెండు రోజులు ఆయన భాష అలాగే ఉంది. మూడో రోజు నుంచి క్రియాపదాలు మామూలు మనుషులవిగా మారసాగాయి. కిటికీలోంచి, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డ వరుసను చూస్తూ ఉండేవారు. ఒక సాయంత్రం హొన్నూరప్పను కూర్చోమన్నారు.

“తేలిక అని ఇచ్చిన ధ్రువపత్రం మీద సంతకం నాదేనయ్యా. తెరిచి చూడలేదు. తెరవడం నాకు రాదు. రాదని చెప్పడం అంతకంటే రాలేదు.”

హొన్నూరప్ప లెక్కన తమ ఇరవై ఇద్దరి జట్టుకు ఈయన ఇరవై మూడోవాడన్నమాట. రోజూ ఒక గంట ఆయనకు ట్యాబు నేర్పాడు. అక్షరం ఎలా చెరపాలో, తప్పు నొక్కితే వెనక్కి ఎలా రావాలో, ఎర్ర అక్షరాలకు గుండె ఎలా దిటవు చేసుకోవాలో చెప్పాడు. ఆయన శ్రద్ధగా నేర్చుకుని తన చిటికెన వేలితో మొదటి టికెట్టు పెట్టారు. మూడు రోజులకు జవాబు వచ్చింది. ఆయనకు ఒక రోజు పునఃశిక్షణ మంజూరైంది.

దాంతో పరాంకుశరావు గారు ట్యాబు పక్కన పెట్టి, తెల్లకాగితం అడిగి, కమిషనరు గారికి నాలుగు పేజీలు చేత్తో రాశారు. ‘నేను పడని వానలో మునిగి, లేని వరదలోంచి రక్షింపబడి, నిజమైన కరువు మధ్య కూర్చుని ఉన్నాను’ అని మొదలుపెట్టారు. ప్రమీలారాణి మేడం ఆ ఉత్తరం పట్టుకుని స్వయంగా బస్సెక్కింది. అటెండరు చేతిరాత చెల్లకపోయినా డిప్యూటీ డైరెక్టరు చేతిరాత చెల్లింది. నవంబరు మొదటి తారీఖున అయిదో వెర్షనుతో పాటు ఒక సర్క్యులరు వచ్చింది. ‘సున్నాను ఇకమీదట అంకెగా పరిగణించుటకు శాఖకు అభ్యంతరము లేదు. అయితే సిబ్బంది దీనిని దుర్వినియోగపరచరాదు.’

ఆ ఉదయం హొన్నూరప్ప కంచెలోకి పోయి కొలిచి వచ్చి, మెట్ల మీద కూర్చుని సున్నా నొక్కాడు. ఆకుపచ్చ టిక్కు పడింది. అతను దాని వంక కాసేపు చూశాడు. తర్వాత వెనక్కి పోయి, పడని వానలన్నిటినీ ఒక్కొక్క రోజూ సరిదిద్దుకుంటూ వచ్చాడు. అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు, జూలై, జూన్. మధ్యాహ్నానికి వరద పోయింది. సాయంత్రానికి డిప్యూటీ డైరెక్టరు గారు కోలుకున్నారు. జీపెక్కే ముందు ఆయన సుంకులమ్మకు చేతులు జోడించి, హొన్నూరప్ప భుజం తట్టి వెళ్లారు. ఖాజా సాయిబు ఫోను చేసి, ఇక బిందె మిగిలిందప్పా అన్నాడు.

పదిహేను రోజులకు కరువు జాబితా మళ్లీ వచ్చింది. ఎర్రకొట్టాల పేరు ఉంది. ఊళ్లో డప్పులూ పలకలూ మోగాయి. ఆఫీసు ముందు టపాకాయలు కాల్చారు. ముత్యాలప్ప బొరుగులూ బెల్లం పళ్లెంలో పెట్టుకుని, చేతిలో బంతిపూల దండతో ముందు నడిచి వచ్చాడు. దండ హొన్నూరప్ప మెడలో వేసి, “నేనన్న మాట మతిలో పెట్టుకోవద్దన్నా” అన్నాడు. హొన్నూరప్ప అతని చేతిలోని పళ్లెం అందుకున్నాడు.

దండతోనే ఇంటికి పోయాడు. సుంకులమ్మ వాకిట్లో నిలబడి అతన్నీ, వెనక పలకలు కొట్టుకుంటూ వచ్చే జనాన్నీ చూసింది. ఎందుకీ సంబరమని అడిగింది.

“మనకు కరువొచ్చిందంట” అన్నాడు.

ఆమె ఎండిపోయిన చేల వైపోసారి చూసి, పళ్లెంలోంచి బెల్లం ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

“ఎట్లనో ఒకట్ల వచ్చింది, పోనీ” అంది.